చదవకముందే ఇచ్చిన సర్టిఫికెట్

కుప్పంలో విశ్వవిద్యాలయం వారు ఏటా జరిపే కళోత్సవానికి మూడేళ్లుగా నన్ను పిలుస్తున్నారు. మొదటి రెండేళ్లూ నా కవిత జేబు దాటలేదు. మొదటి ఏడు ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చాడు. రెండో ఏడు తొందరగా వెళ్లిపోయాడు. ఎలా జరిగినా కోత పడేది కవి సమ్మేళనానికే.

ఈసారి చదవకుండా మదనపల్లెకు తిరిగి రానని ఇంట్లో చెప్పి, తెల్లవారగానే బస్సెక్కాను. పుంగనూరు వచ్చేలోగా కవితను రెండుసార్లు చదువుకున్నాను. చౌడేపల్లెలో మా అవ్వ అమ్ముకున్న ఆవు గురించిన కవిత అది.

వెళ్లగానే కవులందరినీ వరుసగా నిలబెట్టి, ముఖ్య అతిథి చేత సర్టిఫికెట్లు ఇప్పించారు. 'స్వీయ కవితను చదివి సభను అలరించినందుకు' అని ఉంది. అప్పటికి ఏ కవీ నోరు తెరవలేదు. అతిథి ఉండగానే ఫొటోలు అయిపోవాలట. తరువాత శాలువాలు. వేదిక మీదివారు ఒకరికొకరు కప్పుకుని, ఫొటో సరిగా రాలేదని విప్పి, మళ్లీ కప్పుకునేసరికి భోజనాల వేళయింది.

నిర్వాహకుడైన ఆచార్యుడు మైకు అందుకుని, కవి సమ్మేళనం దిగ్విజయంగా ముగిసిందని ప్రకటించాడు. నేను లేచాను.

"నేనింకా చదవలేదు సార్."

"సర్టిఫికెట్ ఇచ్చినాం గదా సార్?"

"ఇచ్చినారు. నేను చదవలేదు."

"రికార్డులో చదివినట్టే ఉండాది. ఇప్పుడు చదివితే మీకు రెండుసార్లు అవకాశమిచ్చినట్టయితాది. మిగతా కవులు ఊరుకుంటారా? రాండి సార్, బిర్యానీ సల్లారిపోతాది."

మిగతా కవులు అప్పటికే ప్లేట్లతో వరుసలో ఉన్నారు.

నేను వేదికెక్కాను. మైకు ఆపేశారు. హాల్లో మిగిలింది కుర్చీలు ఎత్తడానికి శాంతిపురం నుంచి వచ్చిన ఇద్దరు మనుషులు, ఊడ్చే ఆమె. గొంతు పెంచి మొదలుపెట్టాను. ఇద్దరిలో ఒకాయన రెండో చరణంలోనే ఆవలించాడు. ఆ మొహం నాకింకా గుర్తుంది. కవితలో ఆవును తోలుకుపోయే చోట ఆమె చీపురు ఆపింది.

"యాడికి తోలకపోయినారప్పా దాన్ని?"

"పలమనేరు సంతకమ్మా. విను."

చివరిదాకా విన్నది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"అవ్వ అంత ఏడస్తాంటే, నువ్వే దాన్ని ఇడిపించకొచ్చింటే అయిపోయ్యేది గదప్పా? యాల ఇదంతా రాయడం?" అంది.

మూడేళ్లలో నా కవితకు వచ్చిన మొదటి విమర్శ అది. ఇప్పటికీ ఆమె మీద కూడా నాకు కొంచెం కోపంగానే ఉంది.