సువార్తమ్మ అత్త కొత్తవి ఇవ్వదు

ముందు చప్పుడు వినిపించేది. కిర్ర్... టప్. కిర్ర్... టప్. మా నాచారం సందు మలుపులో కొత్త తోలు మూలుగుతున్నట్టు, ఆ వెనకే ఏదో బరువు నేలను తట్టి చూస్తున్నట్టు. మంచు ఇంకా గోడలను వదలని డిసెంబరు పొద్దుల్లో ఆ చప్పుడు నిదానంగా దగ్గరికొచ్చేది. తర్వాత ఆకుపచ్చ చీర కుచ్చిళ్ళ కింద నుంచి రెండు పెద్ద మగవాళ్ళ బూట్లు బయటపడేవి. వాటి మీద, చేతిలో కొత్తిమీర కట్టతో, సువార్తమ్మ అత్త.

"ఎవరి బూట్లత్తా అవి?"

"మా బ్లెస్సన్‌గానియి. క్రిస్మస్‌కు ఇస్త. జర అరగనీ."

ఆమె సంగతంతా ఆ రెండు ముక్కల్లోనే ఉంది. సువార్తమ్మ అత్త ఎవరికీ కొత్త వస్తువు కానుక ఇవ్వదు. కొనడం కొత్తదే కొంటుంది. నెల రోజులు తాను వాడుతుంది. దాని అలకలు, మొండితనం, మోసం అన్నీ తన ఇంట్లోనే బయటపడేదాకా వాడి, తుడిచి, మెరుపు కాగితం చుట్టి, పైన ఎర్ర రిబ్బను ముడేసి అప్పుడు ఇస్తుంది. బూట్లు మడమ కొరికితే ఆమె మడమనే కొరకాలి. చొక్కా రంగు వదిలితే ఆమె బకెట్లోనే వదలాలి. బ్లెస్సన్ ఆమె తమ్ముడి కొడుకు. ఆ బూట్లలో ముందు వైపు పాత గుడ్డలు కుక్కుకుని ఆమె ఉప్పల్ దాకా నడిచి వచ్చేది. మెట్రో మెట్ల మీద జనం ఆగి మరీ చూసేవారు.

నేను వాళ్ళ పై పోర్షన్లో అద్దెకుంటాను. కింద ఆమె, ఆమె భర్త నర్సయ్య మామ. వాళ్ళ గుమ్మానికి నవంబరు చివరే కాగితపు స్టార్ వేలాడుతుంది. ఆ స్టార్ వెలిగిందంటే అత్త షాపుల మీద పడిందని అర్థం. ఒకసారి నన్ను కూడా ఉప్పల్ తీసుకెళ్ళింది. కౌంటర్ దగ్గరే డబ్బా సీలు పరపరా చింపేసింది.

"అమ్మా, గిఫ్ట్ అన్నవు గద! సీలు తీస్తే ఎట్ల?" అన్నాడు షాపు ఆయన.

"సీలుతోని ఇస్తే డబ్బ ఇచ్చినట్టయితది. లోపల ఏమున్నదో నాకే తెల్వకపోతే ఇచ్చుడు ఎట్లయితది కొడుకా?"

"మల్ల వాపసు తీస్కోం."

"నేను వాపసు తేను. నీతోని కొట్లాటకొస్త."

నిజంగానే వచ్చింది. తన కూతురు ఎస్తేర్‌కని కొన్న స్మార్ట్ వాచీ, అరిసెల పిండి పిసుకుతుంటే "నడిచారు, భేష్" అని మెచ్చుకుందట. "కూసున్నదాన్ని నడిచిన అంటది. అబద్దాల గడియారం. నా బిడ్డకు ఇస్తనా?" అని ఆ షాపు ముందు అందరూ వినేలా ఆ వాచీని నిలదీసి, ఇంకోటి తెచ్చుకుంది. రెండోదాన్ని పడుకున్నా తీయలేదు. పండగనాడు మల్కాజిగిరి నుంచి వచ్చిన ఎస్తేర్ దాన్ని చేతికి పెట్టుకుని చూసి నవ్వింది.

"అమ్మా, దీంట్ల నెల రోజుల నీ గుండె చప్పుడున్నది."

"ఉండనీ. నీకేమన్న అడ్డమొస్తున్నదా?"

ఎస్తేర్ దాన్ని ఇంతవరకూ చెరపలేదు.

పాస్టర్ గారి భార్యకు కాళ్ళు నొప్పులని ఒక ఏడాది కాళ్ళు మర్దన చేసే మిషన్ కొన్నది. నెలంతా మా వరండాలో భూకంపం. అందులో పాదాలు పెట్టి, కళ్ళు మూసుకుని, పళ్ళెంలో బియ్యంతో సహా ఊగుతూ కూర్చునేది. చివరికి కానుక ఇచ్చేటప్పుడు చెప్పిన మాట ఒక్కటే: "అమ్మగారూ, మూడో బటన్ మాత్రం వొత్తకున్రి. నోట్ల పండ్లు గూడ ఊగుతయి."

నాకు వచ్చింది కుక్కర్. అడుగున ఒక చోట లేత గోధుమరంగు మరక, మూత తీస్తే ఎవరో ఇప్పుడే పప్పు తిని లేచినంత వాసన.

"మరక పడిందేందత్తా?"

"నా కాడ మాడింది బిడ్డా. దానికి మాడే మోజు తీరింది. ఇగ నీ కాడ మాడది."

ఆ మాట నిజమైంది. కానీ మేమంతా నవ్వడం మానలేదు. ఎవరింట్లో ఏ పాత వస్తువు కనబడ్డా "సువార్తమ్మ అత్త ఇచ్చిందా?" అనడం మా సందులో మామూలైపోయింది.

నర్సయ్య మామ మాత్రం ఈ నవ్వుల్లో కలిసేవాడు కాదు. ఆయన నాచారంలో ఒక ఫ్యాక్టరీలో మిషన్ల మధ్య పనిచేసి రిటైర్ అయ్యాడు. ఆ మోత ఆయన చెవుల్లోంచి కొంచెం కొంచెంగా లోకాన్ని తీసుకుపోయింది. ఆయనకు మిగిలిన సంతోషం డోలక్. పెళ్ళికాక ముందు నుంచి చర్చిలో క్రిస్మస్ పాటలకు ఆయనదే దరువు. ఆయన వేళ్ళ కింద ఆ తోలు వానలాగా మొదలై, గుర్రంలాగా పరిగెత్తి, పాట చివర గడప దగ్గర చెప్పులు విడిచినట్టు ఆగేది.

కిందటేడు అలా ఆగలేదు. పాట అయిపోయింది. పాస్టర్ గారు కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. మామ కూడా కళ్ళు మూసుకునే ఉన్నాడు, చేతులు మాత్రం వాయిస్తూనే ఉన్నాయి. వెనక వరసలో నవ్వు మొదలై ముందు వరసకు పాకింది. కళ్ళు తెరిచేసరికి ఆయనకు నవ్వు వినిపించలేదు, కనిపించింది.

ఈ ఏడు సెప్టెంబరులో చెవుల డాక్టరు పరీక్ష చేసి వినికిడి మిషన్ పెట్టుకోమన్నాడు. మామ దవాఖానా మెట్లు దిగకముందే తేల్చేశాడట.

"చెవిటి నర్సయ్య అని పేరు పెట్టించుకోవాల్నా? నాకొద్దు."

"మరి డోలక్?" అని అడిగిందట అత్త.

"డోలక్ గూడ వద్దు తీ."

పాటల బృందాన్ని నడిపేది బ్లెస్సన్. పిల్లవాడు మంచివాడే. "మామా, ఈసారి నువ్వు కూసో, రెస్ట్ తీస్కో. దరువుకు కీబోర్డుల బటన్ ఉన్నది" అన్నాడు. మామ సరేనన్నాడు. ఆ సాయంత్రం డోలక్‌కు దుప్పటి చుట్టి మంచం కిందికి నెట్టడం మెట్ల మీద నుంచి నేను చూశాను. నిద్రపోయే పసివాడికి కప్పినంత జాగ్రత్తగా కప్పాడు.

ఈసారి స్టార్ వెలిగినా మలుపు దగ్గర ఏ చప్పుడూ రాలేదు. అత్త తన పాత చెప్పుల్లోనే వచ్చింది. కానీ జుట్టంతా ఎత్తి కొప్పు పెట్టింది. కుడి చెవి వెనక, కమ్మకు తోడుగా, చిన్న బూడిదరంగు మిషన్. సాధారణంగా దాన్ని పెట్టుకున్నవాళ్ళు జుట్టు కప్పుకుంటారు. ఈమె కొత్త జుమ్కాలు చేయించుకున్నట్టు తల తిప్పి తిప్పి చూపిస్తోంది.

"ఎవరికత్తా ఇది?"

"నాకే. నాకు వినబడ్తలేదు బిడ్డా."

నేను నమ్మేశాను. ఎందుకంటే ఏ వస్తువునైనా ఆమె "నాకే" అనడం నేను అంతకుముందు వినలేదు. మామ కూడా నమ్మాడు. ఆయనకు వినిపించనప్పుడు ఆమెకు వినిపిస్తోందో లేదో ఆయనకేం తెలుసు?

ఇక సందంతా అరుపులే. కూరగాయలాయన ఆమె కోసం మైకు మింగినట్టు కేకపెట్టేవాడు. రామంతాపూర్ వెళ్ళే షేర్ ఆటోలో డ్రైవరు "యాడ దిగుతవమ్మా?" అని ఒర్రితే, ఆమెకు వినబడలేదేమోనని పక్కన కూర్చున్నవాళ్ళు కూడా ఒకరి తర్వాత ఒకరు ఒర్రేవారు. ఆమె అందరి వైపూ చూసి "దేవుడు మిమ్మల్ని సల్లగ సూడాలె" అనేది. నేను కూడా పై నుంచి "అత్తా! నీళ్ళొస్తున్నయా?" అని నాచారం మొత్తానికీ చెప్పేదాన్ని.

పిల్లలు మరీ ఆట కనిపెట్టారు. ఆమె ముందు నిలబడి గొంతు లేకుండా పెదవులు మాత్రం ఆడించేవారు. ఆమె మిషన్‌ను తట్టేది, ఊపేది, "ఓరి, దీని పాడుగాను, కరాబైనట్టున్నదిరా!" అనేది. పిల్లలు నేల మీద పడి దొర్లేవారు. నేనూ మెట్ల మీద కూర్చుని కడుపు పట్టుకునేదాన్ని. ఆమె మళ్ళీ తట్టేది, ఇంకా గట్టిగా ఊపేది. మర్నాడు అదే ఆట. ఆ తర్వాతా అదే. పండగ దగ్గరపడేసరికి పిల్లలకే విసుగొచ్చి గాలిపటాల మీద పడ్డారు. ఆటోవాళ్ళకు అలవాటైపోయింది. ఆ మిషన్ ఆమె ముక్కుపుడక లాగే ఎవరి కంటికీ ఆనకుండా పోయింది.

మామ ఒక్కడే ఇంకా చూస్తున్నాడు. మొదట్లో ఆమెకు నాలుగడుగుల ముందు నడిచేవాడు. తర్వాత పక్కకు వచ్చాడు. ఆ పైన ఎప్పుడు బయటికెళ్ళినా ఆమె కుడివైపునే, ఆ చెవి ఎవరికీ కనబడకుండా, గోడలా నడవడం మొదలుపెట్టాడు.

పండగకు ముందు ఆదివారం సాయంత్రం చర్చి ముంగిట్లో పాటల ప్రాక్టీసు. మామ పాటకు కాదు, ఆమెకు తోడుగా వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నాడు. అత్త బృందంలో నిలబడింది. బ్లెస్సన్ మైకు అందుకున్నాడు.

"అత్తా! వినబడ్తున్నదా? లేకపోతే పాట వాట్సాప్ జెయ్యాల్నా?"

నవ్వింది ఎక్కువగా బ్లెస్సనే. కానీ మామకు ఆ నవ్వు కనబడింది. కుర్చీ వెనక్కి పడేంత జోరుగా లేచాడు.

"ఏందిరా నవ్వుతున్నవ్?"

"ఊకెనే మామా..."

"నీ చెవులల్ల ఏందిరా అవి?"

"ఇయర్ బడ్స్ మామా."

"ఏంది?"

"ఇయర్ బడ్స్!"

"పొద్దున లేసి పెట్టుకుంటవు, పండేదాక తియ్యవు. నీ అయ్య పిలిస్తే పలుకవు. నిన్ను ఎవలన్న చెవిటోడన్నరారా? నువ్వు పెట్టుకుంటే స్టైలు, నా ఇంటిది పెట్టుకుంటే నవ్వులాటనా? నేను గూడ పెట్టుకుంట. రేపే పెట్టుకుంట. ఎవడు నవ్వుతడో నా ముందట నిలబడి నవ్వుమను!"

ఎవరూ నవ్వలేదు. బ్లెస్సన్ తల దించుకుని చెవుల్లోవి తీసి జేబులో వేసుకున్నాడు.

"రేపు ఎందుకు?" అంది అత్త.

అప్పటికే ఆమె చెవి ఖాళీ. పర్సులోంచి చిన్న డబ్బా తీసింది. అందులో చెవిలో దూర్చే కొత్త రబ్బరు, చింపని అట్టకు అంటుకున్న చిన్న బ్యాటరీ సెల్లు. కొంగుతో మిషన్ తుడిచి, రబ్బరు మార్చి, సెల్లు వేసి, ఆయన కోపం చల్లారకముందే ఆయన తల వంచింది. ఆ చేతుల వేగం చూస్తే ఈ పని మనసులో ఎన్నోసార్లు చేసుకున్నట్టుంది.

"మరి నీకు?" అన్నాడు మామ.

"ముందుగాల నువ్వు పెట్టుకో."

మిషన్ ఆయన చెవిలో కూర్చుంది. ఆయన మెల్లగా తల పైకెత్తాడు. గేటుకు కట్టిన కాగితపు స్టార్ గాలికి గరగరమంటోంది.

"అది... చప్పుడు చేస్తదా?" అని అడిగాడు.

"చేస్తది" అంది అత్త.

బ్లెస్సన్ ఏం చేయాలో తెలియక పాట ఎత్తుకున్నాడు. మామ చెయ్యెత్తి ఆపేశాడు.

"ఆగాగు. ఇన్నేండ్ల సంది నువ్వు గిట్లనే పాడుతున్నవారా?"

ముంగిలంతా పకపకలాడింది. అందరికంటే గట్టిగా మామే నవ్వాడు. బ్లెస్సన్ కీబోర్డు స్విచ్ తీసేశాడు. మామ ఎవరికీ చెప్పకుండా ఇంటికి నడిచి, దుప్పటి మడతతో సహా డోలక్ చంకన పెట్టుకుని వచ్చాడు.

క్రిస్మస్ ఉదయం నేనూ చర్చికి వెళ్ళాను. చివరి పాట ఎక్కడ ఆగిందో డోలక్ సరిగ్గా అక్కడే ఆగింది. ఆ తర్వాత ప్రార్థనకు ముందు ఒక చిన్న నిశ్శబ్దం. ఇంత అందమైన నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

బయట అత్త కేకు ముక్కలు పంచుతోంది. దగ్గరికెళ్ళి అడిగాను.

"అది మొదటి నుంచి మామదే కదా అత్తా?"

"సెప్టెంబరుల పరీక్ష జేసిన కాగితం సూపెట్టి, ఆయన చెవికి సరిపోయేటట్టే తెచ్చిన."

"మరి నీ మంచి చెవిలో నెల రోజులు పెట్టుకున్నావే! ఆ మోత ఎలా తట్టుకున్నావు?"

"సెల్లు ఎయ్యందే మోతెక్కడిది? మిషన్‌ను నేను అసలే వాడలె. కొత్తదే ఇచ్చిన."

"మరి పెట్టుకోవడం ఎందుకు?"

అత్త చేతిలో పళ్ళెం సర్దుకుని, లోపల డోలక్ చుట్టూ మూగిన పిల్లల వైపు చూసింది. వాళ్ళలో ఒకడు మామ చెవి మిషన్‌ను ముట్టుకుని చూస్తున్నాడు. ఎవరూ నవ్వడం లేదు.

"నవ్వేటోళ్ళు ఎట్లనైన నవ్వుతరు గద. అదంత నా మీదనే అయిపోవాలె, ఆయన దాక ఏం మిగలొద్దు అనుకున్న."

ఆమెను రెండు చేతులా పట్టుకుని, నెల రోజుల అలవాటు కొద్దీ, ఆ కుడి చెవి దగ్గరే గొంతు చించుకుని అరిచాను:

"హ్యాపీ క్రిస్మస్ అత్తా!"

పళ్ళెంలో కేకు ముక్కలు ఎగిరిపడ్డాయి. అత్త చెవి మూసుకుని మొహం చిట్లించింది.

"మెల్లగ బిడ్డా, మెల్లగ! నా చెవులు మంచిగనే ఉన్నయి."