పుష్కర నీళ్లు పోసిన మొక్క

మొన్న ఉదయం బాల్కనీ తలుపు తీయగానే కుళ్ళిన ఉల్లిపాయ వాసన గుప్పుమంది. ఎడారి మొక్క కుండీలో వేలు పెట్టి చూస్తే మొదలు మెత్తగా నలిగింది. అంతే, కాకినాడలో మూడో అంతస్తు మీద ఉన్నదాన్ని మనసులో ఏళ్ళ వెనక్కి, కడియంలో నర్సరీ నడిపిన రాజ్యలక్ష్మి గారి ముందుకు వెళ్ళిపోయాను.

పెళ్ళయిన కొత్తలో ఆవిడ నర్సరీలో అంటుకట్టే పనికి చేరాను. ఒండ్రు మట్టిలో పుల్ల గుచ్చినా చిగురించే ఊరు మాది. మొక్క కనిపిస్తే చాలు, నీళ్లు పోయాలని మా చేతులకు ఒకటే దురద. ఎడారి మొక్కల పాకలోకి మాత్రం ఆవిడ చెంబుతో అడుగు పెట్టనిచ్చేవారు కాదు. ఇటుక ముక్కలు, ఇసుక, పిడికెడు మట్టి, అంతే వాటికి.

"ఆకు ముడతపడితే దాహం అమ్మాయ్. మెత్తబడితే అజీర్తి. అజీర్తి చేసినవాడికి మళ్ళీ అన్నం పెడతావేంటి?" అని అందరి ముందూ దులిపేసేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఆ పాకలో ఒక మొక్క మీద ఎవరి చెయ్యీ పడకూడదు. గులాబీలా ఆకులు పేర్చుకున్న బూడిదరంగు మొక్క. ఆవిడ ఒక్కగానొక్క కొడుకు బెంగుళూరు నుంచి తెచ్చి పెంచాడు. మా చుట్టుపక్కల అలాంటిది ఇంకెక్కడా లేదు. కామెర్లొచ్చి ఆ అబ్బాయి పోయాక ఆవిడకు మిగిలింది అదే.

గోదావరి పుష్కరాలొచ్చాయి. ఆవిడ మరిది రాజమండ్రి రేవులో ఆ అబ్బాయికి పిండం పెట్టాడు. ఆవిడ బిందెతో నీళ్లు తెచ్చుకున్నారు. కొన్నాళ్ళకే కొడుకు మొక్క మొదలు నల్లబడింది. ఎవరు నీళ్లు పోశారో తెలియక మేమంతా బిక్కచచ్చిపోయాం.

"ఎవరినీ అడక్కండి. నేనే పోశాను," అన్నారావిడ.

"మీరా అండీ?"

"తెలిసే పోశానమ్మా. అందరి బిడ్డలకూ పుష్కర నీళ్లు అందాయి, వాడికి అందొద్దా అనిపించింది."

ఆ మాటకు నా గుండె చెరువైపోయింది. కత్తి కాల్చి కుళ్ళిన మొదలును ఆవిడే కోశారు. కోసిన చోట గోధుమరంగు మచ్చ. ఇంకాస్త పైకి కోశారు. మళ్ళీ మచ్చ.

"చాలండీ, ఇంకేం మిగలదు," అన్నాను ఏడుపు ఆపుకోలేక.

"మచ్చ ఉంచితే ఉన్నదీ మిగలదు," అని తెల్లటి కండ కనిపించేదాకా కోశారు. చివరికి బొటనవేలంత కొస మిగిలింది. గాటుకు బొగ్గుపొడి అద్ది, తడి తగలకూడదని మట్టిలో పెట్టకుండా నీడన ఖాళీ మూకుట్లో ఉంచారు. దాని ఆకులు వడిలిపోతుంటే రోజూ వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని దాని ముందు నిలబడేవారు. అలా చూడటం నావల్ల అయ్యేది కాదు.

కార్తీకం వెళ్ళేసరికి కొస కింద సన్నటి వేళ్ళు కనిపించాయి. పరుగెత్తుకెళ్ళి చెప్పాను. ఆవిడ వచ్చి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చారు. ఇసుకలో నాటాక చెంబు నా చేతికిచ్చారు.

"ఇకనుంచి నువ్వే పొయ్యి. నేను వాడి తల్లిని, నా చెయ్యి ఆగదు."

ఆవిడ పోయేదాకా ఆ మొక్కకు నీళ్లు నేనే పోశాను. తర్వాత నాకూ పిల్లలు పుట్టారు, పెరిగారు. వాళ్ళ కోసం ఏదైనా చెయ్యబోయిన ప్రతిసారీ, ఎక్కడ ఆపాలో అక్కడ ఆపగలనా అని నన్ను నేను అడుగుతాను. ఆపలేనని తెలిస్తే, నాకంటే తక్కువ ప్రేమ ఉన్నవాళ్ళకి ఆ పని అప్పగించి పక్కకు తప్పుకుంటాను.