చెవి మేస్త్రి గీసిన తెల్ల గీత

మా వీధి చివర వరసగా మూడు షెడ్లున్నాయి. మొదటిది నాది, కార్ల సీట్లు కుడతాను. మూడోది ఎప్పుడూ తాళం వేసే ఉంటుంది. మధ్యలోది చెవి మేస్త్రిది. ఆయనకు అసలు పేరొకటి ఉంది గానీ, కరెంటు బిల్లు మీద తప్ప అది ఇంకెక్కడా కనిపించదు.

ఆ పేరు ఊరికే రాలేదు. జబ్బుపడిన బండి వస్తే ఆయన బోనెట్ ఎత్తి, పొడవాటి ఇనుప చువ్వ ఒక కొన ఇంజిన్‌కి ఆనించి, రెండో కొన చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. అప్పుడు ఎవరు నోరు విప్పినా "ఉష్, వింటున్నాను" అనేవాడు. బండి ఓనరైనా అంతే, పోలీసైనా అంతే. కాసేపటికి కళ్లు తెరిచి "రెండో సిలిండర్ వాల్వు" అనో, "వాటర్ పంపు బేరింగు" అనో తేల్చేసేవాడు. విప్పి చూస్తే అదే అయ్యేది. ఆయన చెవి కోసం జనం చెవి కోసుకునేవాళ్లు.

బోల్టులు బిగించడం కూడా చెవితోనే. బిగువు కొలిచే పానాలు బజారులోకి వచ్చి ఎన్నాళ్లో అయింది, ఆయన కొనలేదు. బోల్టు బిగించి, చిన్న సుత్తితో దాని తల మీద ఒక దెబ్బ వేస్తాడు. టింగుమంటే బిగిసినట్టు, టక్కుమంటే వదులుగా ఉన్నట్టు. టింగుమన్న దానికి, నట్టు మీదుగా దాని పక్కనున్న ఇనుము మీదికి తెల్లరంగుతో సన్నగా ఒక గీత గీస్తాడు. ఆ గీత ఆయన సంతకం. గీత చెదరలేదంటే బోల్టు కదల్లేదని అర్థం.

ఇంతటి చెవికి ఇంట్లో మాత్రం పెద్ద మర్యాద లేదు. ఆయన భార్యను నేను వదినా అని పిలుస్తాను. వదిన పదకొండేళ్లుగా ఆయన సొంత బండి ఎక్కలేదు. ఆ బండికి గుండ్రటి దీపాలు, ఉబ్బిన బుగ్గలు, స్టీరింగు కింద గేరు కర్ర. వయసులో నాకంటే పెద్దది. పదకొండేళ్ల కిందట చెల్లెలి ఇంటి నుంచి తిరిగొస్తూ వదిన ఏదో మనసులో మాట మొదలుపెట్టిందట. ఆయన "ఉష్, వింటున్నాను" అన్నాడట. విన్నది ఆవిడ మాట కాదు, గేరు పెట్టె మోత. వదిన అక్కడే దిగి బస్సెక్కింది. అడిగినవాళ్లకు నడుంనొప్పి అని చెప్పింది. ఆయనా అదే నమ్మాడు. నిజం మా ఆవిడ ద్వారా నాకు తెలిసింది. ఆడవాళ్లు బస్టాపులో చెప్పుకునేవి మగవాళ్లు ఏ చువ్వ పెట్టినా వినలేరు.

అసలు సంగతి ఇది. మూడేళ్లుగా మేస్త్రికి చెవులు పోతున్నాయి. ఎడమది పూర్తిగా, కుడిది ముప్పావు వంతు. జీవితమంతా రేకుల షెడ్డులో సుత్తి మోత వింటే ఇంకేమవుతుంది? ఇది పసిగట్టింది నేనొక్కణ్ణే. ఎలాగంటే, ఆయన కొత్త పద్ధతి ఒకటి పట్టాడు. చువ్వ చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని, తల పంకించి, చివర్లో బండివాణ్ణి "నీకెలా వినిపిస్తోంది, చెప్పు" అని అడిగేవాడు. వాడు "ఏదో కీచుమంటోంది మేస్త్రీ, బెల్టు దగ్గర" అనేవాడు. ఈయన చాలాసేపు ఆలోచించి, "బెల్టు" అనేవాడు. వాడు ఆశ్చర్యపోయి వెళ్లేవాడు. మూడేళ్లపాటు మా పేటలో బండ్లకి వాటి ఓనర్లే రోగం చెప్పుకున్నారు, పేరు మేస్త్రికి వచ్చింది. అందరి చెవిలో అంత అందంగా పువ్వు పెట్టినవాణ్ణి నేనింకెక్కడా చూడలేదు.

నవ్వాను గానీ, లోపల బాధగానే ఉండేది. చెవి పోయిందని బయటపడితే చెవి మేస్త్రి అనేవాడు ఇక ఉండడు. ఉత్త మేస్త్రి మిగులుతాడు. అలాంటివాళ్లు వీధికి పదిమంది ఉంటారు. అందుకే ఆయనకి నేనెప్పుడూ కుడివైపు నుంచే, కాస్త గట్టిగా మాట్లాడేవాణ్ణి. గట్టిగా మాట్లాడటం నా అలవాటనుకున్నాడు పాపం.

ఒకరోజు ఆయన వచ్చి ప్రకటించాడు. "తమ్ముడూ, మన బండి మార్చేస్తున్నాను. వెనక కమాను పట్టీలు తీసేసి కాయిల్ స్ప్రింగులు, కొత్తరకం షాకబ్జార్బర్లు. ఇంజిను కూడా కొత్తది. మీ వదిన నడుం కోసం."

"నడుంనొప్పికి ఇంజిను దేనికన్నా?" అన్నాను.

"కుదుపు ఇంజిన్లోంచి కూడా వస్తుంది" అన్నాడు, నా మొహం చూడకుండా.

నాకు అర్థమైంది. కొత్త ఇంజిన్లకి కంప్యూటర్ డబ్బా ఉంటుంది. దానికి స్కానర్ తగిలిస్తే రోగం అంకెల్లో చెబుతుంది. అంకెలు చదవడానికి కళ్లు చాలు. ఆ విద్య పైవాళ్ల బండ్ల మీద పరువు పోగొట్టుకుంటూ నేర్చుకోవడం కంటే, తన బండి మీద గుట్టుగా నేర్చుకోవచ్చు. భార్య నడుం అడ్డం పెట్టుకుని చెవులు దాచుకుంటున్నాడు.

వెనక నుంచి లారీ గుద్దిన ఒక వ్యాను తుక్కుకి వస్తే, దాని ఇంజిను తెచ్చాడు. అది పాత గూట్లో కూర్చోనంది. ఆయిల్ సంపు అడ్డు కమ్మీకి తగిలింది. కమ్మీ కోశాడు, వెల్డింగు పెట్టాడు. గేరు పెట్టె కోసం నేల రేకు కోసి ఉబ్బెత్తుగా అతికాడు. వైర్ల మోపు చూసి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. వెనక పట్టీలు తీసేశాక ఇరుసు అటూ ఇటూ పోకుండా పట్టి ఉంచడానికి నాలుగు లింకు రాడ్లు, ఒక్కోదానికి రెండేసి బోల్టులతో బిగించాడు. ఒక్కొక్క బోల్టూ సుత్తితో కొట్టి, కళ్లు మూసుకుని, తల పంకించి, తెల్ల గీత గీశాడు. నేను పక్కనే ఆ బండికే సీట్లు కుడుతున్నాను. ఎనిమిది దెబ్బల్లో ఒకటి టక్కుమన్నట్టు అనిపించింది. కానీ ఆయన గీత గీశాక కాదనడానికి నేనెవర్ని? నా మెషిను మోతలో పొరబడ్డానేమో అనుకున్నాను. నిజానికి పొరబడలేదు, పిరికితనం.

ఆ మధ్య పాతబండ్ల సంఘం అధ్యక్షుడు వచ్చాడు. బండిని చూసి గుండె పట్టుకున్నాడు. "ఏం పని మేస్త్రీ ఇది, పాత సీసాలో కొత్త సారా పోస్తున్నావా?" అన్నాడు, ఎడమవైపు నుంచి.

"పోశాను సార్, ఎక్కడా లీకు లేదు" అన్నాడు మేస్త్రి, రేడియేటర్ చూపిస్తూ.

అధ్యక్షుడు పగలబడి నవ్వి, ఆ జవాబు ఊరంతా చెప్పాడు. మేస్త్రికి చెవితోపాటు చమత్కారం కూడా ఉందని పేరొచ్చింది.

ఆరు నెలలకి బండి తయారైంది. వదిన ఏమనుకుందో, పిలవగానే వచ్చి ముందు సీట్లో కూర్చుంది. నేను వెనక కూర్చున్నాను, కుట్లు చూసుకోవాలని వంక పెట్టి. బండి కదిలింది. నిజం చెప్పాలి, గుంటలు గుంటల్లా లేవు. స్ప్రింగులు మింగేస్తున్నాయి.

"చూశావా? చీమ చిటుక్కుమంటే వినపడుతుంది" అన్నాడు మేస్త్రి. గొంతులో ఎంత గర్వమో.

సరిగ్గా అప్పుడే నా కాళ్ల కింద, ఎడమ పక్క, టక్. మళ్లీ ప్రతి గుంటకీ టక్, టక్. చీమ చిటుక్కు కాదు, తలుపు బాదినట్టుంది. మేస్త్రి చిరునవ్వుతో నడుపుతున్నాడు.

వదిన ఆయన వైపు చూసింది. తర్వాత నెమ్మదిగా వెనక్కి తిరిగి నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఆ ఒక్క చూపుతో తెలిసిపోయింది, మూడేళ్ల రహస్యానికి కాపలా ఉన్నది నేనొక్కణ్ణే కాదని. ఆవిడ ఆయనకి ఎప్పుడూ కుడివైపే కూర్చుని భోజనం వడ్డించేదని అప్పుడు గుర్తొచ్చింది.

"అవునండీ, ఎంత నెమ్మదిగా ఉందో" అంది వదిన. రెండు గుంటల తర్వాత పొట్ట పట్టుకుంది. "కాస్త ఆపండి, కడుపులో తిప్పుతోంది. మరీ మెత్తగా ఉంది, అలవాటు లేదు."

ఆయన మొహం చిన్నబోయింది. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని, గాలికి అంటూ రోడ్డు వారన నడిపించుకు పోయింది. పోతూ వెనక్కి చెయ్యి పెట్టి నాకు సైగ చేసింది. నేను డిక్కీలోంచి పానా, సుత్తి తీసి బండి కింద దూరాను. వెనక ఎడమ లింకు రాడ్డు బోల్టు, దాని మీద నిక్షేపంగా తెల్ల గీత. పానా వేసి బిగిస్తే ఒకటిన్నర చుట్టు తిరిగింది. సుత్తితో కొట్టాను. టింగ్.

యాభై అడుగుల దూరంలో వదిన టక్కున ఆగింది. "ఇప్పుడు తగ్గింది, పదండి" అంది.

దారంతా ఆవిడ మాట్లాడుతూనే ఉంది. ఆయన వింటున్నట్టు తల ఊపుతూనే ఉన్నాడు. ఇద్దరిలో ఎవరు గొప్ప నటులో నేను చెప్పలేను.

మర్నాడు పొద్దున నేను షెడ్డు తలుపు తీసేసరికి మేస్త్రి తన బండి కిందే ఉన్నాడు. బయటికి వచ్చి చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. నేను మరిచిపోయింది ఆయన చూశాడు: నట్టు మీది గీత ఒకచోట, ఇనుము మీది గీత ఒకచోట.

"ఎన్ని చుట్లు తిప్పావు?" అన్నాడు.

"ఒకటిన్నర."

"ఊఁ" అన్నాడు. చేతిగుడ్డ మడుస్తూ, "మీ వదినకి కడుపులో తిప్పిందన్నది..."

ఆయన ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు. వెళ్లి షెడ్డు వెనకున్న ఇంట్లోకి కేకేశాడు. వదిన చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. ఆయన ఏమీ వివరించకుండా మళ్లీ బండి కింద దూరాడు. ముందు ఆ బోల్టు మీద సుత్తితో కొట్టాడు. కళ్లు మూసుకోలేదు. తల పక్కకి తిప్పి, చక్రాల సందులోంచి, వంగి నిలబడ్డ ఆవిడ మొహం చూశాడు. వదిన తల ఊపింది. ఆయన చెదిరిన గీత తుడిచి, కొత్త గీత గీశాడు.

ఇద్దర్నీ అలా చూస్తూ ఊరుకోలేకపోయాను. ఏదో ఒక వేళాకోళం ఆడితే తేలికవుతుందని నోరు తెరిచాను.

వదిన నా వైపు తిరగకుండానే వేలు ఎత్తింది.

"ఉష్, వింటున్నాను" అంది.