దసరా నాడు నేనంటించిన స్టిక్కర్

సవిత మా షాపులో చేరిన రోజు నుంచీ నాకు పడలేదు. దాచడమెందుకు? ఇరవై ఆరేళ్లుగా నిజామాబాద్‌లో మోటార్లు చుట్టి, స్టార్టర్లు బిగించి, చేతులు కాల్చుకున్నవాణ్ని నేను. ఆ పిల్ల వచ్చి మూలన కంప్యూటర్ ముందు కూర్చుంది. తల్లి బీడీలు చుట్టి చదివించిందట. చదివిస్తే చదివించింది గానీ, "పోశన్నా, గా వైరు గట్ల కాదు, గిట్ల" అని నాకే చెప్పేది. ఒళ్లు మండిపోయేది.

మా యజమాని రాజారాం చెరకు గానుగలకు సేఫ్టీ డబ్బాలు చేయిస్తాడు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక ఎడపల్లి వైపు కొందరు సొంతంగా గానుగ పెట్టుకుని బెల్లం వండుతున్నారు. గడలు తోస్తూ తోస్తూ చెయ్యి రోలర్ల దగ్గరికి పోతే, ముందున్న కడ్డీని మోకాలితో నొక్కాలి. డబ్బాలోని చిప్ ఆ క్షణమే మోటారు ఆపేయాలి. చిప్‌కు ప్రోగ్రాం రాసేది సవిత. వైరింగు నాది. చివరికి టెస్టు మోటారుకు తగిలించి, పరీక్షించి, తేదీ వేసి, సంతకం పెట్టి స్టిక్కర్ అంటించేదీ నేనే.

దసరా అయిన పదో రోజున ఎడపల్లి లింబయ్య మా డబ్బా బిగించి గానుగ మొదలుపెట్టాడు. మొదటి పూటే కుడిచేతి రెండు వేళ్లు పోయాయి. కడ్డీ నొక్కాడు. మోటారు ఆగలేదు.

మర్నాడు వాళ్లావిడ విమలమ్మ ఆ డబ్బాను గోనెసంచిలో తెచ్చి మా బల్ల మీద దబ్బున పడేసింది.

"దీన్ని నమ్ముకోనే చెయ్యి వెట్టిండు నా మొగడు! ఎవలు జేసిండ్రు దీన్ని? మొఖం సూపెట్టుండ్రి!"

అందరికంటే ముందు సవిత వైపు వేలు చూపింది నేనే. "కొత్త కంపైలర్ అని మొన్న ఈమెనే ఎక్కించింది. దాంతోని చేసిన మొదటి డబ్బ గిదే. పాతది మంచిగనే నడుస్తుండె," అన్నాను. అది నిజమే కాబట్టి గొంతు పెంచి మరీ అన్నాను.

మనిషి 'సీ' అనే కంప్యూటర్ భాషలో రాసినదాన్ని చిప్‌కు అర్థమయ్యేలా మార్చేది కంపైలర్. ఎక్కడెక్కడి వాళ్లో కలిసి రాసి ఊరికే ఇస్తారు. ఆ సీ మధ్యలో సవిత ఒక నాలుగు వరుసలు నేరుగా చిప్ భాషలోనే రాసింది. దాన్ని ఇన్‌లైన్ అసెంబ్లీ అంటారట. కడ్డీ నొక్కారా లేదా అని కనిపెట్టేది ఆ నాలుగు వరుసలే. అంటే లింబయ్య వేళ్లు ఆ నాలుగు వరుసల చేతిలో ఉన్నాయన్నమాట.

రాజారాం సవితతో ఒకటే మాట అన్నాడు. "నెల దినాలు టైం ఇస్తున్న. తప్పు నీది కాదని సూపెట్టు. లేకుంటే నీదే అని కాగితం మీద రాసి, సంతకం వెట్టి పో. రేపు పోలీసోళ్లొస్తే గదే సూపెడ్త."

సవిత నా స్టిక్కర్ చూసింది. "పరీక్షల ఆగింది కద. అంటే ఇక్కడినుంచి పోయినంక ఏదో పాడైంది," అంది. ఆ మాట పట్టుకుని తొమ్మిది రోజులు ఆ డబ్బాను కోసి పోగులు పెట్టింది. రిలే మార్చింది, చిప్ మార్చింది, చెరకురసం ఏమైనా కారిందేమోనని భూతద్దం పెట్టి వెతికింది. నేను చాయ్ తాగుతూ చూశాను. "ఏంది మేడం, దొరకలేదా? నీ మొఖంల సూస్కో, దొరుకుతది," అని వాగాను. సిగ్గు లేదు నాకు.

పదో రోజున అదే ప్రోగ్రాంను సరికొత్త డబ్బాలోకి ఎక్కించి కడ్డీ నొక్కింది. మోటారు ఆగలేదు. పదిసార్లు నొక్కింది. ఒక్కసారీ ఆగలేదు. అప్పుడు తలెత్తి నా వైపు చూసింది. నేను బల్ల మీది వైరుముక్కలేవో సర్దుతున్నట్టు నటించాను.

ఆ సాయంత్రం సవిత రాజారాం బల్ల మీద కాగితాలు పరిచింది. "మా అవ్వ తెచ్చిన బీడీ కట్టను కార్ఖానల వాపస్ కొడితే ఊకె కొట్లాడదు సేటు. ఆడనే కట్ట ఇప్పి, ఒక్కొక్క బీడీ ముందట వెట్టి, ఏది చెడ్డదో సూపెట్టుమంటది. నేను గూడ గదే జేస్తున్న." పాత కంపైలర్ ఇచ్చిన కోడ్ ఒక పక్క, కొత్తది ఇచ్చింది ఒక పక్క. వరుస వరుసకూ వేలు పెట్టి చూపింది. "గీ జాగల విలువ మారుతది, మళ్ల సూడు అని నేను రాసిన. పాతది మళ్ల సూస్తుంది. కొత్తది నా మాట ఇడిసిపెట్టి, మొదలు సూసిందే పట్టుకోని కూసుంది. కడ్డి ఎన్నిసార్లు నొక్కినా దానికి తెల్వదు."

కంపైలర్ వాళ్లకు రాసింది. "నీ రాతే తప్పు, ముందు పుస్తకం చదువు," అని వాళ్లలో ఒకడు జవాబిచ్చాడు. నాకు పండగే అయింది. ఆమె మాత్రం రెండువేల వరుసల ప్రోగ్రాంను ఆ తప్పొక్కటే కనిపించేలా చెక్కి చెక్కి పదకొండు వరుసలకు తెచ్చి మళ్లీ పంపింది. తరవాత వాళ్ల కోసం ఎదురుచూడకుండా తనే కంపైలర్ లోపలికి దిగింది. కంపైలర్ ఒకచోటి వరుసలను ఇంకోచోటికి నకలు తీసేటప్పుడు, 'మళ్లీ చూడు' అన్న హెచ్చరిక నకలు కావడం లేదట. వారం పట్టింది కనుక్కోవడానికి. సరిచేసి పంపింది.

జవాబును రాజారాం కోసం తెలుగులో చదివి వినిపించింది. "సవరణ బాగున్నది. దీంతోపాటు ఒక పరీక్ష గూడ పంపు. పరీక్ష లేని సవరణ మేం తీసుకోం."

నేను చాయ్ గ్లాసు పట్టుకుని బయటికి జారుకున్నాను.

ఎందుకంటే దసరా నాడు నేను ఏ పరీక్షా చేయలేదు. టెస్టు మోటారుకు పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేశాం. పూజ చేసిన పనిముట్టును ఆ రోజు ఎవరూ నడపరు. లింబయ్య కొత్తబట్టలు కట్టుకుని వచ్చి, "పండుగ పూట ఇంటికి తీస్కపోతే మంచిగుంటది పోశన్నా," అన్నాడు. మోటారు ముట్టుకోకుండానే 'పరీక్ష అయింది' అని రాసి అంటించాను. పైన కుంకుమబొట్టు కూడా పెట్టాను. భక్తి అనుకుంటున్నారా? సగం బద్ధకం. ఇన్నాళ్లూ ఏ డబ్బా తప్పింది కనక!

సవిత పరీక్ష కూడా రాసి పంపింది. వాళ్లు తీసుకున్నారు. రాజారాం కాగితం మాట ఎత్తడం మానేశాడు. మర్నాడు ఆమె నా స్టిక్కర్‌ను ఊడబెరికి తెచ్చి నా ముందు పెట్టింది.

"అన్నా, గీ ప్రోగ్రాంతోని కడ్డి ఒక్కసారి గూడ పనిజెయ్యది. మరి దసరా నాడు నీకెట్ల ఆగింది?"

నేను స్టిక్కర్‌ను బోర్లా తిప్పి పెట్టాను.

"కొత్త కంపైలర్ ఎక్కించి, నేను గూడ సూడకుండ పంపిన. గా మాట మొన్ననే ఎడపల్లికి పోయి చెప్పొచ్చిన."

"ఏమన్నది విమలమ్మ?"

"తిట్టింది. కూసోని ఇన్న. నీ మాట నేను చెప్పలే. నువ్వే పో."

బస్సెక్కి పోయాను. లింబయ్య కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. వైరింగు పోశన్న వచ్చాడని విమలమ్మ ఆదరంగా చెంబుతో నీళ్లిచ్చింది. "గా పొల్ల వచ్చి తప్పు నాదే అన్నది. నువ్వెందుకొచ్చినవన్నా, గింత దూరం?"

చెప్పాను. తల ఎత్తకుండా అంతా చెప్పాను. తిడతారని చూశాను, తిట్టినా బాగుండేది.

లింబయ్య అన్నాడు. "నడిపి సూద్దామన్నది నా కొడుకు. నేనే వద్దన్న. పోశన్న బొట్టు వెట్టి ఇచ్చిండు, ఇంక సూసుడెందుకని అన్న."

విమలమ్మ నా చేతిలోని చెంబు తీసుకుని, మిగిలిన నీళ్లు గడప అవతల పారబోసింది.