మున్సిపాలిటీ పెట్టించిన కిటికీ

మా ఇంటి ముందు మోరీ ఎత్తించమని మున్సిపాలిటీ చుట్టూ తిరిగిన తిరుగుడుకు నా చెప్పులు అరిగాయిగానీ మోరీలో బురద ఇంచీ కదల్లేదు. ఎప్పుడు పోయినా "మీటింగుల పెడుతమమ్మా" అనేవాళ్లు. దున్నపోతు మీద వాన కురిసినట్టే. అలాంటి మున్సిపాలిటీ నా వంటింటి గోడకు కిటికీ పెట్టించే పనిని మాత్రం వారం తిరక్కుండా ముగించింది. పోనీ, ఆ కిటికీ నేనేమైనా అడిగానా? వద్దు మొర్రో అని మొత్తుకున్నాను.

ఎనభైల్లో మాట. బొగ్గుబాయి గేటుకు ఎదురుగా, రేకుల షెడ్డులో కాపురముంటూ, అక్కడే నేను మెస్సు నడిపేదాన్ని. షిఫ్టు దిగి వచ్చినవాళ్లకు అన్నం, పప్పు, ఆదివారం కోడికూర. నా భర్త ఆ బాయిలోనే కోల్ ఫిల్లరు. పేల్చిన బొగ్గును తట్టకెత్తి టబ్బుల్లో నింపే పని. ఒకప్పుడు బాగా తాగేవాడు. ఒకరోజు తాగింది దిగకుండానే బాయిలోకి దిగాడు. పైకప్పు కూలుతోందని పక్కవాళ్లు అరుస్తున్నా తేరుకోలేకపోయాడు. ఎవరో కాళ్లు పట్టి ఈడిస్తే ప్రాణం దక్కింది, కుడిచెయ్యి మాత్రం మణికట్టు నుంచి వేళ్లదాకా చీరుకుపోయింది. గాయం మానిందిగానీ బొగ్గుపొడి లోపలే ఉండిపోయి నీలం గీత మిగిలింది. బాయి పని చేసిన ప్రతివాడి ఒంటి మీదా అలాంటి గీతలుంటాయి. ఆయనది చూపుడువేలి మొదట్లో రెండుగా చీలి ఉండేది.

దవాఖాన నుంచి వచ్చిన రోజే బాయి గేటు పక్కనున్న మైసమ్మ గద్దె మీద ఆ చెయ్యి పెట్టి, ఇక ముట్టనని ఒట్టేశాడు. ముట్టలేదు కూడా. తోటివాళ్లు ఎంత ఆటపట్టించినా నవ్వి ఊరుకునేవాడు. ఇంట్లో గొడవలు పోయాయి. నాకు కంటినిండా నిద్ర పట్టడం మొదలైంది.

షెడ్డులో సగం నాది, సగం ఖాళీ. మధ్యలో ఒంటి ఇటుక గోడ. ఆ ఖాళీ సగాన్ని షెడ్డు యజమాని ఒక మందు కాంట్రాక్టరుకు కిరాయికిచ్చాడు. మర్నాడే బోర్డు లేచింది, 'ఫ్యామిలీ బార్ అండ్ రెస్టారెంట్' అని. లోపల చూస్తే పొయ్యి లేదు, గిన్నె లేదు, గరిటె లేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం! పైగా ఫ్యామిలీ అట. ఎవరి ఫ్యామిలీ?

ఆ బోర్డు చూసొచ్చిన ఆయన కంచం ముందు కూర్చుని అన్నం కలపకుండా ఉండిపోయాడు.

"బజార్ల ఉంటె తల వంచుకొని పోత. గోడకే ఉంటె నాతోని కాదే. వాసనొస్తది, గ్లాసుల సప్పుడొస్తది. నేను దేవున్ని కాదు" అన్నాడు.

తాగి కొట్టే మగవాళ్లను చూశాను. తాగి తాగలేదని బుకాయించేవాళ్లనూ చూశాను. తనకు భయంగా ఉందని పెళ్లాంతో చెప్పుకున్న మగవాణ్ని అదే చూడటం. మెస్సు ఎత్తేసి ఇంకోచోట పెట్టుకుందామంటే, గేటు ముందు బెత్తెడు జాగా లేదు. కాబట్టి ఆ బారు రాకుండా చూడాలి. నాకు ఉన్న దారి అదొక్కటే.

మందు అమ్మే లైసెన్సు ఆబ్కారీవాళ్లదేగానీ, ఆ జాగాలో కూర్చోబెట్టి తాగించడానికి మున్సిపాలిటీ ఒప్పుకోవాలట. గుడికీ బడికీ దగ్గర్లో అయితే ఒప్పుకోకూడదని రూలు కూడా ఉందట. ఎదురుగానే మైసమ్మ! ఇంకేం కావాలి? గల్లీ ఆడవాళ్లమంతా దరఖాస్తు పెట్టాం. మొదటి సంతకం మా పక్కింటి స్కూటర్ మెకానిక్ భార్యది. వాళ్లు ముస్లింలు. "మైసమ్మ మా ఆయన్ని గూడ సూస్తది గద అక్కా" అంటూ నా చేతిలోంచి పెన్ను లాక్కుంది.

చైర్మన్ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గుడి అంటున్నరు. కప్పేది? గోపురమేది? మూడు రాళ్లు, ఇంత పసుపు, ఒక యాపచెట్టు."

"బాయిల దిగేటోళ్లంత ఆడ చెప్పులిడిచి మొక్కి దిగుతరు సారు. గది గుడి కాకపోతె ఏంది?" అన్నాను.

"గట్లయితె కమిటీ వచ్చి చూస్తది. పూజలు నడుస్తున్నయా లేదా తేల్చుకుంటం" అన్నాడు.

నడుస్తున్నాయా అని అడుగుతావా? చూపిస్తాం రా, అనుకున్నాం. కమిటీ వచ్చే రోజుకు గద్దెకు సున్నం వేశాం, తోరణాలు కట్టాం, బోనం వండాం, డప్పు పిలిపించాం. అన్నీ సర్దుతుండగా మెకానిక్ భార్య నా కొంగు పట్టి పక్కకు లాగింది. "అక్కా, సీసా నక్కో. ఈ ఒక్కరోజు సీసా వద్దు" అంది.

మైసమ్మకు బోనం ఎక్కించినప్పుడు గద్దె ముందు కల్లో సారానో ధారగా పోస్తారు. దాన్నే సాక అంటాం. నేను నోరు తెరిచేలోపే గద్దెకు రోజూ పసుపు రాసే ముసలవ్వ కస్సుమంది.

"సాక లేకుంట అమ్మకు బోనమెట్ల ఎక్కుతది? అమ్మకు కోపమొస్తె బాయిల మీ మొగోళ్లను ఎవలు కాపాడుతరు, నీ కమిటీనా?"

అందరం నిజమేనన్నాం. పూజలో ఏ లోటూ రాకూడదన్న హైరానాలో, ఆ కమిటీ ఏం తేల్చడానికి వస్తోందో ఒక్కరికీ గుర్తులేదు. బాయి దగ్గర పుట్టి పెరిగినవాళ్లకు మైసమ్మ ముందు సీసా అంటే కొబ్బరికాయ లాంటిదే. అది మందని ఎవరనుకుంటారు?

కమిటీ వచ్చింది. డప్పు మోగింది. ఆ రోజు కల్లు దొరక్క బజారు నుంచి సీసా తెప్పించాం. ఒట్టేసిన నాటి నుంచి ఆ గద్దెకు సాక పోసేది మా ఆయనే. వణక్కుండా పోశాడు. మిగిలింది ప్రసాదంగా పంచడం మా రివాజు. ఒక మెంబరు దోసిలి పట్టి, "అమ్మ ప్రసాదం కాదనొద్దు" అన్నాడు. వెనకాలే మిగతావాళ్లూ పట్టారు. మా ఆయన అందరికీ పోసి, పక్కకు పోయి చేతులు మట్టితో తోమి తోమి కడుక్కున్నాడు.

కాంట్రాక్టరు అక్కడే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"చూసిన్రు గద సారు! అమ్మకే లేని అభ్యంతరం మనకెందుకు? నా దుకాణం ఈడుంటె భక్తులకు బజారు దాంక పోయే తిప్పలు తప్పుతది."

మెంబర్లు మూతులు తుడుచుకుంటూ నవ్వారు. నాకు తల తీసుకెళ్లి గోడకేసి బాదుకోవాలనిపించింది. అవ్వ మాత్రం బోనం బాగా జరిగిందని సంబరపడుతోంది!

అయినా మీటింగు రోజున కొంచెం ఆశ మిగిలింది. "రెస్టారెంటన్నవు, వంట ఏది?" అని ఒక మెంబరు కాంట్రాక్టరును నిలదీశాడు. హమ్మయ్య, ఒక్కడికైనా బుర్ర పనిచేస్తోంది అనుకున్నాను.

"పక్కనే అక్క మెస్సున్నది సారు. తినేటియి ఆడికెళ్లే తెప్పిస్త" అన్నాడు కాంట్రాక్టరు.

చైర్మన్ మొహం వెలిగిపోయింది. "ఇగో అమ్మా, నీ గిరాకీ పోతదనే గద నీ ఫికర్? నడుమ గోడకు కిటికీ కొట్టిస్తం. తినేటియి నీ దగ్గర్నే కొనాలని కండిషన్ పెడుతం. ఇద్దరూ బాగుపడుతరు."

"గిరాకీ కాదు సారు నా ఫికర్. నా పెనిమిటి" అన్నాను.

"పెనిమిటిని నువ్వు సముదాయించుకోవాలె తల్లీ. దానికి మున్సిపాలిటీ ఏం జేస్తది?"

ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, మిగతావాళ్లు బల్లలు చరిచారు. ప్లేట్లు ఇవ్వనంటే నా మెస్సు లైసెన్సే ఆపుతామన్నారు. అరిచాను, ఏడ్చాను, వాళ్ల టీ గ్లాసులు దొర్లేలా బల్ల మీద చరిచాను. తర్వాతి అంశం చదవమన్నాడు చైర్మన్.

కిటికీ పడింది. ప్లేటు పట్టేంత కంత, దానికో చెక్క తలుపు. అటు నుంచి తట్టేవాళ్లు, ఇటు నుంచి నేను తీసేదాన్ని. ఉడకబెట్టిన గుడ్లు, ఉల్లిగడ్డ ముక్కలు, వేయించిన పల్లీలు. మొహాలు కనబడేవి కావు. చేతులే వచ్చేవి, చేతులే పోయేవి. వాటి వెనకే గుప్పున వాసన. నేను ఊదుబత్తులు వెలిగించీ వెలిగించీ, కూరలు కూడా ఊదుబత్తుల వాసనే కొట్టేవి.

ఆయన వంటింట్లోకి రావడం మానేశాడు. షిఫ్టు దిగి, గేటు ముందు నుంచి కాకుండా బొగ్గుకుప్పల వెనకగా చుట్టూ తిరిగి వచ్చి, వెనక వాకిట్లో మంచం మీదే తినేవాడు. "ఇంక ఎన్ని దినాలు గిట్ల?" అంటే, "తిరిగినన్ని దినాలు తిరుగుత" అనేవాడు. ఒక్కోసారి ఆ గోడ వైపు చూస్తూ ముద్ద నోటి దగ్గరే ఆపేసేవాడు. నేను గమనించనట్టు మజ్జిగ పోసేదాన్ని.

వానాకాలం వచ్చి కుప్పల వెనక దారి మునిగిపోయింది. గేటు ముందు నుంచే, బారును దాటుకుంటూ రావాలి. ఆ మధ్యాహ్నం షిఫ్టు దిగినవాళ్లంతా వచ్చి తిని వెళ్లారు, ఆయన రాలేదు. చూస్తూ చూస్తూ పొయ్యి మీద కూర మాడబెట్టాను. ఇంతలో కిటికీ తట్టారు. విసుక్కుంటూ తలుపు తీసి గుడ్ల ప్లేటు పెట్టాను. ఒక చెయ్యి లోపలికి వచ్చింది. మణికట్టు నుంచి నీలం గీత, చూపుడువేలి దగ్గర రెండుగా చీలి.

ప్లేటు నెట్టేసి ఆ మణికట్టు పట్టుకున్నాను. గుడ్లు కిందపడి దొర్లాయి. అమ్మనా బూతులన్నీ నాలుక చివరి దాకా వచ్చాయి. ఆయన చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

"ఇంకా తాగలే" అన్నాడు గోడ అవతలి నుంచి. "గ్లాసు ముందల్నే ఉన్నది. లేచి రాబోతె కాళ్లు కదుల్తలెవ్వు. ఈడ నువ్వుంటవని తట్టిన. ఇడువకే."

రెండో చెయ్యి కూడా వేసి గట్టిగా పట్టుకుని, మెకానిక్ భార్యను గొంతు చించుకుని పిలిచాను. ఆమె పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. నన్నూ కిటికీనీ చూసింది. బురఖా కోసం కూడా ఇంటికి పోలేదు. కొంగు నెత్తి మీదికి లాక్కుని, అంతమంది మగవాళ్ల మధ్యకు, ఆ ఫ్యామిలీ బారులోకి నడిచి వెళ్లింది. అక్కడ అడుగుపెట్టిన మొదటి ఫ్యామిలీ ఆమే.

కాంట్రాక్టరు ఎవరు ఎవరంటూ అరుస్తున్నాడు. ఎక్కడో గ్లాసు పగిలింది. తర్వాత ఆమె గొంతు గోడకు దగ్గరగా వినిపించింది.

"చలో భయ్యా, ఘర్‌కు చలో."

అప్పుడు వదిలాను.