గరుకు రెక్కకు మొదటి మార్కు

కొరాపుట్ కొండల నుంచి గుణుపురం పొలాల దాకా ఎంత వెతికినా, చేపల పెళ్లి చెడగొట్టిన మొనగాడు ఒక్కడే దొరుకుతాడు. ఆ ఒక్కడూ నేనే. నాలుగు వందల తల్లి చేపలు, నాలుగు ఊళ్ల ఆశలు, నలభై మంది పెళ్లిపెద్దలు! అన్నిటినీ రెండంటే రెండు వేళ్లతో ముంచేశాను. తుఫానుకైనా ముందు కాస్త గాలి వీస్తుంది. నాకు అదీ అక్కర్లేకపోయింది.

అప్పటికి నాది ఇంకా పసితనం. అరవై నిండి ఆరు నెలలు. దామంజోడిలో బాక్సైటు మట్టి నుంచి అల్యూమినా తీసే కర్మాగారం ప్రయోగశాలలో ముప్పై ఏళ్లు తెల్లపొడి పరీక్షించి పదవీ విరమణ చేశాను. అక్కడ మా లెక్క ఒకటుండేది. పొడి సన్నటి ఇసకలా వేళ్లకు గరగర తగిలితే సరుకు మేలైనది. ముఖానికి రాసుకునే పౌడరులా మెత్తగా జారిపోతే తీసిపారేయాల్సిందే. యంత్రం ఆలోచించుకునేలోపే నా బొటనవేలూ చూపుడువేలూ తీర్పు చెప్పేసేవి. ఆ రెండు వేళ్ల గర్వంతోనే రామనగుడ దగ్గర మా అత్తవారి ఊళ్లో కాపురం పెట్టాను.

అక్కడ మా బావమరిది తవిటినాయుడు వరితో పాటు చేపలూ పండిస్తాడు. ఏటా శ్రీకాకుళం వైపు నుంచి చేపపిల్లల్ని తెప్పించుకుంటే సగం దారిలోనే వెల్లకిలా తేలేవి. విసిగిపోయి, నాలుగేళ్లు కష్టపడి తన చెరువులోనే శీలావతి చేపల్ని గుడ్లు పెట్టించడానికి పెంచాడు. ఆడా మగా కలిసే ఉంటాయి. వానలు పడగానే దగ్గర్లోని హేచరీకి తీసుకెళితే సూది వేసి గుడ్లు పెట్టిస్తారు. ఆ పిల్లలతో తన చెరువు నిండాలి. అతని మాట నమ్మి చెరువులు ఖాళీగా ఉంచుకున్న పొరుగువాళ్లు ముగ్గురున్నారు, వాళ్లవీ నిండాలి. తప్పితే ఆ ఏడాది నాలుగు చెరువుల్లోనూ కప్పలే పంట.

సరిగ్గా ఫాల్గుణంలో అతను మోటారు సైకిలు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. గట్టు దిగడానికి లేదు. మంచం మీద నుంచే నాకు అధికారం అప్పగించాడు.

"బావా, మేత మీరు సూసుకోండి. పెద్ద పనేటీ లేదు. తవుడూ, సెనగసెక్కా, అందులో ఈ మినరల్ పొడి కొలత పెకారం కలపాల. గుడ్డు బాగా కట్టాలంటే అది పడాల."

"మినరల్ గురించి నాకు చెబుతావా తవిటీ? ముప్పై ఏళ్లు నేను తిన్నదే మినరల్ అన్నం!"

"మీరు తినకండి బావా. సేపలకెయ్యండి."

చూశారా, అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. కానీ చేతిలో త్రాసు ఉన్నవాడికి లోకమంతా తూకానికి వచ్చినట్టే కనిపిస్తుంది. పొడిని తులం తేడా లేకుండా తూచాను. తవుడు జల్లించాను. నూనె చుక్క వేసి పిసికి, నారింజకాయలంత ఉండలు చేశాను. మా ఆవిడ సుందరమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ముప్పై ఐదేళ్ల కాపురంలో నాకేనాడైనా సపాతీ పిండి పిసికేరా?"

"నువ్వు గుడ్లు పెట్టాలా ఏమిటే?"

"ఆ సేపల్ని సింహాద్రి అప్పన్నే కాపాడాల," అని లోపలికి వెళ్లిపోయింది.

నెల తిరిగింది. మేత వేశాం సరే, పరీక్ష వద్దా? ఫలితం చూడని మందు, రుచి చూడని పులుసు ఒకటే కదా! ఇద్దరు కూలీలను పిలిచి వల వేయించాను. ఇక్కడ చిన్న సవరణ. నాలుగు వందలని పైన రాశాను. వలలో లెక్కపెడితే ముప్పై రెండు తేలాయి. నాలుగు ఊళ్లన్నవి నాలుగు చెరువులు. పెళ్లిపెద్దలు, నన్ను కలుపుకుని, ఐదుగురం. రాసేటప్పుడు చేయి కాస్త జారింది.

ఒక్కో చేపనూ తడి గోనె మీద పెట్టించి, మొప్పల పక్కనుండే రెక్కను నా రెండు వేళ్ల మధ్య నలిపి చూశాను. ఆహా! కొన్నిటికి రెక్క గరుకు కాగితంలా గరగరలాడింది. కొన్నిటికి పట్టుచీర అంచులా జారిపోయింది. ముప్పై ఏళ్ల అనుభవం ఒక్కసారిగా తల ఎత్తింది. గరుకువి మినరల్ ఒంటబట్టినవి. నునుపువి ఒంటబట్టనివి! పైగా ఆ నునుపు రెక్కలవాటికి పొట్టలు ఉబ్బి మెత్తగా ఉన్నాయి. అజీర్ణం. ఇంక సందేహమేముంది? ఏది మగో ఏది ఆడో నాకు తెలియదు నిజమే. కానీ పదవీ విరమణ చేసిన మనిషి అలాంటివి పక్కవాళ్లను అడిగితే పరువేం మిగులుతుంది!

మూడుసార్లు వల వేసి, చైత్రం ముగిసేసరికి గరుకువి పదహారు చెరువులో ఉంచి, నునుపువి పదహారూ తీయించేశాను. తవిటికి చెప్పాను.

"నీరసపు సరుకంతా ఏరేశానోయ్. ఇప్పుడు చెరువులో ఉన్నవన్నీ ఉక్కుముక్కలు."

"మరీ ఎక్కువ ఏరకండి బావా. దేన్ని ఏరేరు, ఎలాగేరేరు?"

"అది ప్రయోగశాల రహస్యం. నీ కాలు సంగతి నువ్వు చూసుకో."

ఆషాఢం తొలి వానకు రెండు ఆటోల్లో నీళ్ల డ్రమ్ములు పెట్టి, పదహారు ఉక్కుముక్కల్నీ హేచరీకి ఊరేగించాం. వెనక తవిటి చేతికర్రతో, పొరుగు రైతులు ముగ్గురూ మంచి చొక్కాలతో. అక్కడ పనంతా చూసే సంజుక్త అనే ఒడియా ఆవిడ సంతల్లో నేర్చిన తెలుగు మాట్లాడుతుంది. నన్ను మౌసా అని, అంటే బాబాయి వరస పెట్టి, పిలిచింది. మొదటి చేపను ఎత్తి పొట్ట మెల్లగా నొక్కింది. తెల్లగా పాలలాంటిది బయటికొచ్చింది.

నాకు ఒళ్లు పులకరించింది. "చూశారా! కాల్షియం! పట్టించిన మినరల్ పొంగి పొర్లుతోంది!"

సంజుక్త నా వైపు వింతగా చూసింది. రెండోది నొక్కింది. పాలు. మూడోది. పాలు. ఆరోదానికి ఆమె భుజాలు కదలడం మొదలైంది. పదో చేపను నీళ్లలో వదిలేసి తొట్టి గట్టు మీద కూలబడి నవ్వింది.

"మౌసా, ఇది కాల్షియం నాహిఁ. మగ చేప పాలు. అన్నీ వరుడే! వధువు ఏదీ?"

"అన్నీ గరుకు రెక్కలమ్మా, మేలైనవే ఏరాను..."

"గరుకు రెక్క అంటేనే మగది, మౌసా. నునుపు రెక్క, మెత్త పొట్ట, అది ఆడది. పొట్టలో గుడ్డు ఉంటది."

పెళ్లికి వెళుతూ పిల్లను ఇంట్లో వదిలేసిన పెళ్లిపెద్దను మీరెక్కడైనా చూశారా? ఆ రోజు హేచరీలో చూసి ఉండేవారు. గుడ్డు కోసం నేను తులాల లెక్కన పిసికిన మినరలంతా గుడ్డు పెట్టని మహారాజులు భోంచేశారు. రైతులు ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తవిటి చేతికర్ర మీద బరువంతా వేసి అడిగాడు.

"బావా, తీసేసినవి ఏటి సేసేరు?"

ఆ ప్రశ్నకు బలరాముడి చేతిలో నాగలి కూడా వణికి ఉండేది. నాలుగేళ్ల అతని కష్టం, నాలుగు చెరువుల ఏడాది, ఆ ఒక్క జవాబులో ఉన్నాయి. అయితే పాఠకులారా, ముందుచూపనేది ఒకటుంటుంది. నునుపు చేపల్ని నేను పారేయలేదు. కోలుకునే దాకా ఉండనిమ్మని పక్క పొలం ఆసామి సింహాచలం చెరువులో వేయించి ఉంచాను. వెంటనే ఇంటికి ఫోను చేసి సుందరమ్మను ఆజ్ఞాపించాను. మధ్యాహ్నానికల్లా పెళ్లికూతుళ్లు ఆటో దిగారు. సంజుక్త సూదులు వేసింది. మర్నాటికల్లా గుడ్లు. ఆ శ్రావణంలో నాలుగు చెరువుల్లోనూ నీళ్లు కనిపించనంతగా పిల్లలు. సరే, నీళ్లు కూడా కనిపించాయి. కానీ పిల్లలు బోలెడు. తవిటి నా మీద కోపం వారం రోజులే పెట్టుకున్నాడు, అదీ కాలు నొప్పి వల్ల.

అందుకే ఆ చెరువు గట్టు మీద, మోకాలి లోతు బురద సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఇక ఈ జన్మలో చేపనైనా, మామిడిపండునైనా, మనిషినైనా వేళ్లతో నలిపి మార్కులు వేయను. వేస్తే నా పింఛను ఆ శీలావతులకే చెందుగాక.

ఇంతవరకు రాసి సుందరమ్మకు చదివి వినిపించాను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ విన్నది. తల ఎత్తకుండానే అంది:

"ముందుసూపు మీదా? సంతకి తోలేయమన్నారు మీరు. సింహాచలం సెరువులో ఏయించింది నేను. మొదటి రెండూ ఇంటికి పులుసుకి తెచ్చేరు కాదేటి, కోస్తే కడుపు నిండా గుడ్లు. ఇవి ఆడవండీ అంటే, మినరల్ గడ్డకట్టిందన్నారు. తమ్ముడికి సెప్తే మీ పరువు పోద్దని నోరు మూసుకుని, మిగతా పద్నాలుగూ దాసేను. ఫోన్లో ఆజ్ఞాపించలేదు మీరు, ఏడిసేరు. ఆ గడ్డకట్టిన మినరల్ ఏపుడు రెండోసారి అడిగి ఏయించుకున్నారు, అదీ రాయండి."