బెంచీ మీద చదివిన కాగితం

లింబయ్య పని కాగితం చదివి వినిపించడం. నిజామాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో గుండె ఆపరేషన్‌కు ముందు రోజు ఆ కాగితం మీద రోగి సంతకమో వేలిముద్రో కావాలి. ఆపరేషన్‌లో ఏమేం జరగవచ్చో పదకొండు వరుసల్లో ఉంటుంది. డాక్టర్లు హైదరాబాద్ వాళ్లు. వాళ్ల మాట ఇక్కడి పెద్దవాళ్లకు సరిగా అందదు. లింబయ్యది బోధన్ దగ్గరి పల్లె. చెరుకు పోయి పొలాలన్నీ వరి అయిన ఏడాది ఈ ఉద్యోగంలో చేరాడు.

మొదట్లో మంచం పక్కన కూర్చుని రోగికే చదివేవాడు. ఇంటివాళ్లు ఒప్పుకునేవారు కాదు. ఒక రోగి కొడుకు అతని చేతిలోంచి కాగితం లాక్కున్నాడు. క్రమంగా బయట బెంచీ మీద ఇంటి మగవాళ్లకు చదవడం, లోపలికి వెళ్లి రోగితో వేలిముద్ర వేయించడం అలవాటైంది. ఈ పద్ధతిలో ఎవరూ ఏడవలేదు. అందరూ అతన్ని మంచివాడన్నారు.

భీమవ్వ ముప్పై ఏళ్లుగా బీడీలు చుడుతోంది. గుండెకు పోయే నాళాలు మూడు మూసుకుపోయాయి. భర్త లేడు. అన్న రాజమల్లు వెంట వచ్చాడు. బెంచీ మీద అతను మూడో వరుస దాకా విని ఆపమన్నాడు.

"మా చెల్లెకు చెప్పకు తమ్మీ. కుక్కర్ సీటీకే ఉలిక్కిపడ్తది. గివన్ని ఇంటే గీడికెల్లే బస్సెక్కుతది."

లింబయ్య నవ్వాడు.

లోపల భీమవ్వ బొటనవేలి ముద్ర పడలేదు. బీడీ ఆకు రుద్ది రుద్ది వేలి గీతలు అరిగిపోయాయి. మూడోసారి వేలిని సిరాలో అద్దుతుండగా ఆమె అడిగింది.

"చేతులకేం గాదు గదా తమ్మీ?"

నాలుగో వరుసలో అదే ఉంది. వందలో ఒకరిద్దరికి పక్షవాతం రావచ్చు. చెయ్యో కాలో మాటో పోవచ్చు. ఆ వరుస అతనికి చూడకుండా వచ్చు.

"ఏం గాదక్క. పండుకోని లేసినట్టే," అన్నాడు.

ఆపరేషన్‌తో గుండె బాగైంది. కుడిచెయ్యి పోయింది. బీడీ చుట్టడానికి రెండు చేతులూ కావాలి.

ఆరు వారాల తర్వాత ఆమె డాక్టరుకు చూపించుకోవడానికి వచ్చింది. రాజమల్లు మందుల వరుసలో నిలబడ్డాడు. లింబయ్య ఆమెను చూసి వెనకవైపు మెట్ల మీదుగా వెళ్లిపోబోయి, రెండు మెట్లు దిగి ఆగాడు. చెప్పకపోవడం వల్ల చెయ్యి పోలేదు. చెప్పినా ఆమె ఆపరేషన్ మానుకునేది కాదేమో. ఆరు వారాలుగా ఈ రెండు మాటలూ తనకు తాను చెప్పుకుంటున్నాడు. రెండూ సరైనవే. కానీ ఆమె అడిగింది.

తిరిగి వచ్చి బెంచీ మీద ఆమె పక్కన కూర్చున్నాడు. చెయ్యి పోవచ్చన్నది కాగితంలో ఉందని, ఆ రోజు తనకు తెలుసని చెప్పాడు. రాజమల్లు వద్దన్న మాట నోటిదాకా వచ్చింది. చెప్పలేదు.

భీమవ్వ ఆ కాగితం తెమ్మంది. ఎవరి పేరూ నింపని కాగితం ఒకటి తెచ్చాడు.

"సదువు."

చదివాడు. మత్తు, రక్తం పోవడం, జ్వరం పట్టడం. నాలుగో వరుస దగ్గర ఆగాడు. ఆమె ఎదురుచూసింది. చదివాడు. కిడ్నీల దగ్గర ఆమెకు అర్థం కాలేదు. మళ్లీ అడిగితే విడమరిచి చెప్పాడు. చివరి వరుస ప్రాణం గురించి. అదీ అయిపోయింది.

"గప్పుడు సదివినా గింతసేపే పడుతుండె గదా," అంది.

"అవునక్క."

"చెప్పినా చేయించుకుంటుంటి తమ్మీ. ఎరికుంటే ఆ దినం బువ్వ మెల్లగ తింటుంటి. గీ కుడిచేత్తోని."

ఆమె కాగితాన్ని మోకాలి మీద పెట్టి ఎడమచేత్తో మడవబోయింది. అది జారింది. లింబయ్య సాయానికి చెయ్యి చాపాడు. ఆమె కాగితాన్ని అటువైపు జరుపుకుని, మళ్లీ మడవడం మొదలుపెట్టింది.